అర టికెట్టు, అర నిజం

కిందటి దసరాకు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీతో పంచుకోవాలనుకుంటున్నాం. సంగతి చిన్నదే గానీ ఏడాదిగా మమ్మల్ని వదలడం లేదు.

ఆ రోజు ట్యూబులో గుడికి బయలుదేరాం. లండన్ ట్యూబులో పదకొండేళ్ళు నిండని పిల్లలకు, టికెట్టు ఉన్న పెద్దవాళ్ళు వెంట ఉంటే, ప్రయాణం ఉచితం. మా అమ్మాయికి పదకొండు నిండి మూడు వారాలైంది. ఆ వయసు పిల్లలకు రాయితీ ఇచ్చే జిప్ ఆయిస్టర్ ఫొటో కార్డు ఇంకా తీసుకోలేదు. గేటు దగ్గర ఉద్యోగి "పాపకు ఎన్నేళ్ళు?" అని నవ్వుతూ అడిగాడు. "పది" అన్నాం. గేటు తెరిచాడు. బండి ఎక్కాక అమ్మాయి అడిగింది: "నాన్నా, పదకొండని చెబితే ఏమయ్యేది?" చేతిలో కొబ్బరికాయ, పూల సంచీ ఉన్నాయి. నోట్లో మాట లేదు.

మనలో చాలామందికి ఇది కొత్త కాదు. చిన్నప్పుడు రైల్లో టీసీ వస్తుంటే "ఎవరైనా అడిగితే పదకొండే అని చెప్పు" అన్న మాట వినని వారెందరు? పరీక్షలు అయిపోయాక కూడా ఆర్టీసీ స్టూడెంటు పాసుతో తిరగనివారెందరు? అప్పట్లో ఇంట్లో ప్రతి రూపాయీ లెక్కే. ఈనాడు మనలో చాలామందికి ఆ సాకు లేదు. అలవాటు మాత్రం మనతో పాటు విమానం ఎక్కి వచ్చింది.

"బండి ఎలాగూ నడుస్తుంది, సీటు ఖాళీగానే ఉంది, ఎవరికి నష్టం?" అని అడగవచ్చు. మేమూ మనసులో అదే అనుకున్నాం. కానీ రాయితీ అంటే తగ్గింపు ధర ఒక్కటే కాదు. "నువ్వు చదువుకుంటున్నావు, సంపాదన లేదు, నీ వంతు మేము మోస్తాం" అని సమాజం ఇచ్చే చేయూత. మేము వైద్యం చదివింది విదేశంలోనే. స్టూడెంటు కార్డు లేకపోతే ఆ రోజులు గడవడం కష్టమయ్యేది. అర్హత లేకుండా దాన్ని వాడుకుంటే ఆ చేయూత మీద నమ్మకం తరుగుతుంది. తర్వాత వచ్చే నిజమైన విద్యార్థి కార్డును రెండుసార్లు తిప్పి చూస్తారు. మా వృత్తిలోనూ అంతే. ఒంట్లో బాగానే ఉన్నా "వారం రోజులకు సర్టిఫికెట్ రాసివ్వండి డాక్టరు గారూ" అని అడిగేవారుంటారు. మొహమాటపడి ఒకటి రాసిస్తే, నిజంగా జబ్బుపడ్డవాడి కాగితానికి విలువ తగ్గుతుంది.

అయితే పట్టుబడ్డ ప్రతివాడూ దొంగ కాదు. ఇక్కడి 16-25 రైల్‌కార్డు ఛార్జీలో మూడో వంతు తగ్గిస్తుంది. కానీ జూలై, ఆగస్టు తప్ప మిగతా నెలల్లో, సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం పదిలోపు ప్రయాణాలకు 12 పౌండ్ల కనీస ఛార్జీ నిబంధన ఉంది. 2024లో ఒక యువకుడు ఈ మెలిక తెలియక 1.90 పౌండ్లు తక్కువ కట్టినందుకు కోర్టు దాకా లాగుతామన్నారు. విషయం పత్రికల్లోకి ఎక్కాక ఆ కేసు వదిలేశారు. తెలియక చేసినది పొరపాటు, తెలిసి చేసినది మోసం. 1889 నాటి రైల్వే చట్టం కూడా కావాలని ఛార్జీ ఎగ్గొట్టడాన్నే నేరంగా చూస్తుంది. ఆ తేడా చూడాల్సిన బాధ్యత తనిఖీ చేసేవారి మీదా ఉంది. మా పిల్లలు ఎప్పుడైనా పొరపాటున దొరికితే దాచకుండా మాతో చెప్పమన్నాం. వెంట ఉండి అప్పీలు రాయిస్తాం.

మాది మాత్రం పొరపాటు కాదు. మొన్నటిదాకా పదే కదా అని సర్దిచెప్పుకున్నాం. కురుక్షేత్రంలో ధర్మరాజు ఏనుగు మాటను గొంతులోనే నొక్కేసినప్పుడు, అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున సాగిన ఆయన రథం నేలను తాకిందట. ఆయనకు యుద్ధం, రాజ్యం అడ్డొచ్చాయి. మాకు అడ్డొచ్చింది కొద్దిపాటి చిల్లర.

తిరుగు ప్రయాణంలో అమ్మాయికి టికెట్టు కొన్నాం. "పొద్దున నాన్న అబద్ధం చెప్పాడు, తప్పు" అని ఒప్పుకున్నాం. అంతటితో తీరిపోయిందనుకున్నాం. వారం తర్వాత ఇంటికి ఎవరో ఫోను చేశారు. అమ్మాయి రిసీవరు చేత్తో మూసి, చాలా మామూలుగా అడిగింది: "ఇంట్లో లేరని చెప్పమంటారా నాన్నా?"

ఈ దేశంలో టికెట్టు లేకపోతే వంద పౌండ్ల దాకా జరిమానా కట్టి బయటపడవచ్చు. పిల్లల దగ్గర పోయిన మాటకు అలాంటి రసీదు దొరకదు. రోజూ కొంచెం కొంచెంగా తీర్చుకోవాల్సిందే.

ఈ ఏడాది సరస్వతీ పూజకు అమ్మాయి పుస్తకాల పక్కన తన జిప్ కార్డును కూడా పెట్టింది. కుంకుమ బొట్టు మాత్రం ఫొటో మీద పడకుండా, జాగ్రత్తగా ఒక మూలకు పెట్టింది.

ఆ చదువుల తల్లి మన పిల్లలకు విద్యను, మనకు నిజం చెప్పే ధైర్యాన్ని ప్రసాదించుగాక.