అప్పు ఎవరిది?

ఫిబ్రవరి నెల. పల్నాడులో మిర్చి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల మధ్య మన ఆడవాళ్లు తలకు గుడ్డ చుట్టుకుని తాలు ఏరుతుంటారు. సాయంత్రానికి చేతులు మండుతాయి. ఆ చేతులతో కళ్లు తుడుచుకోవడానికి కూడా వీలుండదు.

అలాంటి ఒక సాయంత్రం, నా దగ్గర పదో తరగతి దాకా చదివి, నర్సింగులో చేరిన యానాది అమ్మాయి మా ఇంటికొచ్చింది.

"సార్, నాది ఫ్రీ సీటని మీరే చెప్పారు కదా. మరి మా అమ్మకి అప్పెట్లా అయింది?" అని అడిగింది.

జరిగింది ఇదీ. స్కాలర్‌షిప్ సొమ్ము రాలేదు. ఫీజు కడితేనే పరీక్ష రాయనిస్తామని కాలేజీ వాళ్లన్నారు. వాళ్లమ్మ నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి కట్టింది. పది నెలలకు సర్కారు సొమ్ము వచ్చింది. కాలేజీ 40,000 తిరిగిచ్చింది. అసలు తీరింది. కానీ నెలకు 1,200 చొప్పున పది నెలల వడ్డీ 12,000 మిగిలింది. అది తీర్చడానికి వాళ్లమ్మ ముఠా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంది. రోజు కూలి 400 అనుకున్నా అది 30 రోజుల కోత. అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు కూలి తగ్గించి కడతారు కాబట్టి ఇంకా ఎక్కువే.

ఆ పిల్లకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫ్రీ అని చెప్పింది నేనే. ఆ మాట ఎంతవరకు నిజమో నేను ఎన్నడూ లెక్క వేసి చూడలేదు. ఈ వ్యాసం ఆ పిల్లకు నేను బాకీపడ్డ జవాబు.

మన తాతలకు అప్పు కొత్త కాదు. పెళ్లికో, రోగానికో, చావుకో ఆసామి దగ్గర కొంత పుచ్చుకునేవాళ్లు. కాగితం ఉండేది కాదు. లెక్క ఆసామి నోట్లో ఉండేది. తాత తోటకు కాపలా ఉండేవాడు, తాత పోయాక కొడుకు ఉండేవాడు. ఎంత తీరిందో, ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దీన్నే నేరమంది. అడ్వాన్సుకు బదులుగా మనిషి తనకిష్టమైన చోట పని చేసుకునే స్వేచ్ఛ, తిరిగే స్వేచ్ఛ పోగొట్టుకుంటే అది వెట్టి అని చెప్పింది. తండ్రి నుంచి కొడుక్కి దిగిన బాధ్యత అయినా సరే వెట్టే అంది. అలాంటి అప్పు తీర్చనక్కర్లేదనీ చెప్పింది.

ఆ చట్టంలో నాకు ఒక గొప్ప నీతి కనిపిస్తుంది. అది అప్పు చేయడం తప్పు అనలేదు. అప్పు మనిషిని కట్టేస్తే తప్పు అంది. కాబట్టి ఏ అప్పునైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు. దీనికి ముగింపు ఉందా? ఇది నా కాళ్లు కట్టేస్తుందా? నాకు కష్టమొస్తే ఇది ఎవరి మీద పడుతుంది?

ఇప్పుడు చదువు కోసం సర్కారు, బ్యాంకులు ఇచ్చే రుణాన్ని ఈ తక్కెడలో పెట్టి చూద్దాం.

మొదటి ప్రశ్నకు అది నెగ్గుతుంది. వడ్డీ ఎంతో, కిస్తు ఎంతో, ఎన్నేళ్లో కాగితం మీద ఉంటుంది. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత మరో ఏడాది కిస్తులు కట్టనక్కర్లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, గుర్తింపు ఉన్న సాంకేతిక, వృత్తి కోర్సులకు ఆ కాలపు వడ్డీని కేంద్రమే కట్టే పథకం 2009 నుంచి ఉంది. గిరిజనుల కోసం 2001లో ఏర్పడిన జాతీయ షెడ్యూల్డు తెగల ఆర్థికాభివృద్ధి సంస్థ ఆదివాసీ శిక్షా రుణ్ యోజన కింద 6 శాతం వడ్డీకే చదువు రుణం ఇస్తుంది. ఐటీఐలు, చిన్న వృత్తి శిక్షణల కోసం 2015లో వచ్చిన నైపుణ్య రుణ పథకంలో మొదట లక్షన్నర దాకా ఇచ్చేవారు. 2024లో దాన్ని ఏడున్నర లక్షలకు పెంచారు.

రెండో ప్రశ్నకూ కొంతవరకు నెగ్గుతుంది. నీవు ఫలానా చేలోనే పని చేయాలని బ్యాంకు అనదు. ఉద్యోగం మారినా, ఊరు మారినా అడ్డు రాదు.

మూడో ప్రశ్న దగ్గరే తడబడుతుంది. మామూలుగా బ్యాంకులో విద్యా రుణానికి తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలి. పిల్లకు ఉద్యోగం రాకపోతే నోటీసు మిర్చి కోసే తల్లి పేరున వస్తుంది. నాలుగు లక్షల అప్పు జీతగాడి ఇంట్లో ఒక కష్టం. మన ఇంట్లో అది పదేళ్ల కోతలు. కాగితం మీద అంకె ఒకటే, కానీ దాని బరువు ఒకటి కాదు.

"ఉచితంగా ఇస్తే విలువ తెలియదు. అప్పు చేస్తేనే పిల్లలు బాధ్యతగా చదువుతారు" అనేవాళ్లున్నారు. ఈ మాటను తోసిపారేయలేను. స్కాలర్‌షిప్ వస్తుంది కదా అని పేరుకు చేరి, కాలేజీ మొహం చూడని వాళ్లను నేనెరుగుదును. కానీ భయంతో వచ్చేది బాధ్యత కాదు. అప్పు భయమున్న పిల్ల తనకు నచ్చిన చదువు చదవదు, త్వరగా కూలి దొరికే చదువు చదువుతుంది. పైగా బాధ్యత నేర్పాలంటే మోయగలిగినంతే నెత్తిన పెట్టాలి. ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఒక పద్ధతి ఉంది. చదువయ్యాక సంపాదన ఒక హద్దు దాటినప్పుడే కిస్తు మొదలవుతుంది. దాటకపోతే కట్టనక్కర్లేదు. అక్కడ బాధ్యత ఉంది, ఉరితాడు లేదు. అలాంటిది ఇక్కడ ఎందుకుండకూడదని అడిగే హక్కు మనకుంది.

"అప్పు జోలికే పోవద్దు" అనే మన పెద్దల మాట ఇంకొకటి. వాళ్ల భయానికి కారణముంది. 1998 ప్రాంతంలో పత్తి దెబ్బతిని, పురుగుమందుల బాకీలు తీర్చలేక రైతులు అదే మందు తాగిన రోజులు ఈ జిల్లాల వాళ్లు మరచిపోలేదు. భూమి ఉన్న రైతే నిలబడలేకపోతే, భూమి లేని మనమెట్లా నిలబడతామని వాళ్ల ఆలోచన. కానీ జరిగేదేమిటి? బ్యాంకు అప్పుకు భయపడి ఆగినవాళ్లు, వడ్డీ వ్యాపారి దగ్గరా మేస్త్రీ దగ్గరా ఆగడం లేదు. అదే 40,000కు పది నెలల వడ్డీ 6 శాతం లెక్కన 2,000. నూటికి మూడు రూపాయల లెక్కన 12,000. భయం మనల్ని అప్పు నుంచి కాపాడలేదు. చవక అప్పు నుంచి తప్పించి ఖరీదైన అప్పులో పడేసింది.

ఇక అసలు సంగతి. ఆ అమ్మాయి ఇంటి అప్పు బ్యాంకుది కాదు. అది స్కాలర్‌షిప్ ఆలస్యం వల్ల పుట్టిన అప్పు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఈ దేశంలో పాత ఏర్పాటు. 1944లో షెడ్యూల్డు కులాల పిల్లలకు మొదలై, 1948లో మన తెగలకు వచ్చింది. దాని వల్లే మనలో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు పుట్టారు. అది దయ కాదు, మాట. మాట ఇచ్చి పది నెలలు జాగు చేస్తే ఆ పది నెలలు ఫీజు కట్టిందెవరు? ఒక మిర్చి కూలి. అంటే ఆమె సర్కారుకు అప్పు ఇచ్చింది. వడ్డీ లేకుండా ఇచ్చింది. ఆ అప్పు ఇవ్వడానికి తాను వడ్డీ కట్టింది. లోకంలో అప్పిచ్చినవాడు వడ్డీ తీసుకుంటాడు. ఇక్కడ అప్పిచ్చినామె వడ్డీ కట్టి, ఆ వడ్డీ కోసం చాకిరీ చేస్తోంది.

హామీ తగ్గించినప్పుడూ ఇదే జరుగుతుంది. 2020 డిసెంబరులో జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపారు. కాగితం మీద అది ఖర్చు తగ్గింపు. నిజానికి ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. సర్కారు ఖాతాలోంచి ఒక తల్లి నెత్తి మీదికి మారింది. అందుకే అంటాను, ఆలస్యం చేయడం నీతి లేని పని. బలవంతుడు జాగు చేస్తే ఆ జాగుకు వెల బలహీనుడు కడతాడు.

"ప్రభుత్వం సొమ్ముతో చదివావు" అని మనల్ని తక్కువ చేసేవాళ్లకు కూడా ఇదే జవాబు. ఒంటి సబ్బు కొన్నా, ఫోను రీఛార్జి చేసినా మన తల్లులు పన్ను కడుతూనే ఉన్నారు. తలవంచుకోవలసిన పనేమీ లేదు. అలాగని మనకు ఏ బాకీ లేదని కాదు. మండిన చేతులతో ఫీజు కట్టిన తల్లికి బాకీ. వెనక వచ్చే తమ్ముడికీ చెల్లికీ దారి చూపే బాకీ. సొంత సంతకంతో తీసుకున్న రుణం ఉంటే, సంపాదన వచ్చాక ఎగవేయకుండా కట్టే బాకీ. మనం కడితేనే మన తర్వాతివాడిని బ్యాంకు కుర్చీ వేసి కూర్చోబెడుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట. మన పని పిల్లల్ని కాలేజీలో చేర్పించడంతో అయిపోదు. ఫ్రీ అనే మాట అనే ముందు సొమ్ము ఎప్పుడు వస్తుందో, రాకపోతే ఏం చేయాలో చెప్పాలి. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదని యూజీసీ 2016లోనే చెప్పింది. ఆ కాగితం మన స్కూలు బీరువాలో ఉండాలి. బ్యాంకుకు వెళ్లే తల్లి పక్కన మనం కూర్చోవాలి. పైన చెప్పిన మూడు ప్రశ్నలూ ఆమె తరఫున అడగాలి.

ఆ అమ్మాయి చదువు ఇంకో ఏడాది ఉంది. వాళ్ల తమ్ముడు ఐటీఐలో చేరతానంటున్నాడు. మొన్న ఆదివారం ముగ్గురం కూర్చుని ఒక తెల్లకాగితం మీద లెక్క వేశాం. స్కాలర్‌షిప్ ఎంత, ఎప్పుడు, అది రాకపోతే ఎక్కడ ఎంత వడ్డీకి అడగాలి అని. పక్కనే వాళ్లమ్మ నిలబడి చూసింది. ఆమెకు చదవడం రాదు.

"ఇందులో మేస్త్రీ పేరుందా సారూ?" అని అడిగింది.

లేదన్నాను.

"అయితే సరే" అంది.