కట్టు విప్పకముందే సంతకమా?

రోడ్డు ప్రమాదంలో కాలు విరిగి మంచాన పడ్డ తాపీమేస్త్రీ ఇంటికి బీమా కంపెనీ మనిషి వస్తాడు. చేతిలో కాగితం, దాని మీద ఒక అంకె. మందులకు డబ్బుల్లేని ఇంట్లో ఆ అంకె పెద్దగానే కనిపిస్తుంది. కట్టు విప్పాక మోకాలు వంగుతుందో లేదో డాక్టరుకే ఇంకా తెలియదు. అలాంటప్పుడు పూర్తి పరిష్కారమని సంతకం ఎలా పెడతాం?

రాజీకి ఒప్పుకొని తీరాలని మోటారు వాహనాల చట్టంలో లేదు. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరుండే ప్రాంతపు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు. అయితే 2019 సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. అది దాటనివ్వకండి.

పరిహారం ఎలా లెక్కగట్టాలో 2010లో సుప్రీంకోర్టు ఎంతో న్యాయమైన మాట చెప్పింది. ఎడమ చెయ్యి పోయినా గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు. డ్రైవరుకూ వడ్రంగికీ బతుకుతెరువే పోతుంది. అందుకే వైకల్యం శాతం ఒక్కటే చూడకుండా, దానివల్ల పోయే సంపాదనను లెక్కగట్టమంది. అంటే మన మేస్త్రీ రోజుకూలి ఎంతో చెప్పే సాక్ష్యం ఎక్స్‌రే అంత ముఖ్యం. ఎఫ్‌ఐఆర్ నకలు, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, ఆసుపత్రికి తిరిగిన కిరాయి రసీదులు ఒక్క సంచిలో దాచండి. ఎవరడిగినా జిరాక్సులే ఇవ్వండి.

వకీలును పెట్టుకునే స్తోమత లేదా? జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకైతే ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.