రబ్బరు అనే మాట

మన ఇళ్లలో రబ్బరు అంటే పిల్లల పెట్టెలో పెన్సిలు గీత చెరిపేది. బంతి, బొమ్మ, చెప్పు, పాలసీసా పీక, ఇలా మెత్తని వస్తువులకే ఆ మాట అలవాటు. అందుకే పత్రికలో ‘రబ్బరు తూటాలు పేల్చారు’ అని చదివితే, ‘పోనీలే, నిజం తూటాలు కావు గదా’ అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ ‘పోనీలే’ గురించే నా ఆలోచన.

ఉత్తర ఐర్లండులో బ్రిటిష్ సైన్యం 1970లో ఈ తూటాను వాడుకలోకి తెచ్చింది. సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 140 గ్రాముల బరువు. క్రికెట్ బంతి కన్నా కాస్త తక్కువ, అంతే. నేలకేసి పేలిస్తే ఎగిరి గుంపులోని వాళ్ల కాళ్లకు తగలాలని ఉద్దేశం. కానీ ఆ మొద్దు తూటా నేలను తాకాక ఎటు లేస్తుందో పేల్చినవాడికే తెలియదు. దూరం నుంచి పేలిస్తే గురి తప్పుతుంది. గురి కుదిరేంత దగ్గరికొస్తే ఎముక విరుగుతుంది. ఇది వాడేవాడి పొరపాటే కాదు, ఆ వస్తువు స్వభావం. 1971లో బెల్‌ఫాస్టులో ఎమ్మా గ్రోవ్స్ అనే తల్లికి తన ఇంట్లో ఉండగానే రెండు కళ్లూ పోయాయి. 1972లో 11 ఏళ్ల ఫ్రాన్సిస్ రౌన్‌ట్రీ చనిపోయాడు. తరువాత రబ్బరు స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. రెండూ కలిసి అక్కడ 17 మందిని బలిగొన్నాయి. వాళ్లలో దాదాపు సగం మంది పిల్లలు.

సమర్థించేవారి వాదం తేలికైనది కాదు. అదే 1972 జనవరి 30న డెర్రీలో సీసపు తూటాలకు ఒక్కరోజులో 13 మంది పోయారు. ఆ రోజు రబ్బరుతోనే ఆగి ఉంటే అంతమంది పోయేవారు కాదు. నిజమే, కాదనలేను.

అయితే 1970ల మొదటి సగంలో అక్కడ పేలినవి సుమారు 55,000 రబ్బరు తూటాలు. రబ్బరు లేకపోతే సైన్యం అన్నిసార్లూ సీసమే పేల్చేదా? ఎవరూ నమ్మరు. చాలాసార్లు డాలు అడ్డం పెట్టుకుని నిలబడేది, రాళ్లూ తిట్లూ భరించేది, వెనక్కి తగ్గేది. రబ్బరు తొలగించింది ఆ ఓపికనే. సీసంతో పోల్చి దాన్ని మెచ్చుకోవడంలో ఈ లెక్క మరుగున పడిపోతుంది.

పేరు కూడా మారుతూ వచ్చింది. మొదట ‘ప్రాణం తీయని ఆయుధం’ అన్నారు. ఇప్పుడు ‘తక్కువగా ప్రాణం తీసేది’ అంటున్నారు. నిజాయితీగా చేసిన సవరణే కావచ్చు. కానీ ట్రిగ్గరు మీది వేలికి ఇంకా పాత పేరే గుర్తుంది. 2017లో ‘బీఎమ్‌జే ఓపెన్’ అనే వైద్య పత్రిక ప్రపంచవ్యాప్తంగా ప్రచురితమైన నివేదికలను కూడగట్టింది. ఈ రకం తూటాల వల్ల గాయపడ్డ 1984 మందిలో 53 మంది చనిపోయారు, 300 మందికి శాశ్వత వైకల్యం మిగిలింది. ఇది ఆస్పత్రి దాకా వచ్చినవాళ్ల లెక్కే, తగిలిన ప్రతివాళ్లదీ కాదు. అయినా చిన్న సంఖ్యా? 2019లో చిలీలో నిరసనకారుల కళ్లు పోతుంటే అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు ఒక గుండును పరీక్షించారు. అందులో రబ్బరు 20 శాతమే. మిగిలినది సిలికా, సీసం వంటి గట్టి పదార్థాలు. పేరు మాత్రం రబ్బరే!

డెర్రీలో 1972లోనే, బడి నుంచి ఇంటికి వస్తున్న పదేళ్ల రిచర్డ్ మూర్‌కు రబ్బరు తూటా తగిలి రెండు కళ్లూ పోయాయి. పెద్దయ్యాక, పేల్చిన సైనికుణ్ణి వెతుక్కుంటూ వెళ్లి కలిశాడు. స్నేహితులయ్యారు. దీన్ని అందరూ క్షమాగుణం కథగా చెబుతారు, అదీ నిజమే. నాకు మాత్రం ఇంకొకటి తోస్తుంది. క్షమించాలంటే ముందు ‘చేసినవాడు’ అంటూ ఒకడు దొరకాలి. ‘రబ్బరే గదా’ అనే మాట అడ్డుగా ఉన్నంతకాలం అక్కడ చేసినవాడు కనిపించడు, ప్రమాదమే కనిపిస్తుంది. మూర్ ఆ మనిషి ఎదుట కూర్చున్నది 2006లో. మధ్యలో 34 ఏళ్లు గడిచాయి.