స్వామి పాట ఉన్న ప్లేటును అమ్మవచ్చా?



పోయిన వారం వీడియోలో నా వెనక బల్ల మీద ఉన్న పెద్ద గ్రామఫోన్ ప్లేట్లు చూసి చాలామంది వాటి సంగతి అడిగారు. ఒక అక్కయ్య అయితే "అవి అమ్మేస్తున్నారట కదా, దేవుడి పాటలు అమ్ముకోవచ్చా?" అని సూటిగానే అడిగారు. ఆ ప్రశ్న మా ఇంట్లో కూడా రెండు నెలలుగా నడుస్తోంది. అడుగుతున్నది మా అమ్మ. అందుకే ఈసారి స్తోత్రానికి అర్థం రాయకుండా, ఈ విషయం గురించే మీతో మాట్లాడదామనుకున్నాను.

ఏమిటీ ప్లేట్లు?

అవి 'బాలాజీ పంచరత్నమాల'. పాడింది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో హెచ్.ఎం.వి. వాళ్లు, మన పెద్దవాళ్ల మాటలో కుక్కబొమ్మ కంపెనీ వాళ్లు, విడుదల చేశారు. మొత్తం 5 ప్లేట్లు. ఒక్కొక్కటి 12 అంగుళాలు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు అటూ ఇటూ పాట ఉంటుంది. స్తోత్రాలున్నాయి, అన్నమయ్య కీర్తనలున్నాయి. ఆ కీర్తనల్లో కొన్నిటికి నేదునూరి కృష్ణమూర్తి గారు స్వరాలు కట్టి ఆవిడకు నేర్పించారు. ఆవిడ మాతృభాష తెలుగు కాదు. అరవై దాటిన వయసులో కూర్చుని మన మాటలను పలుకు తప్పకుండా నేర్చుకున్నారు.

మా నాన్న మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. నెలనెలా కొంచెం కొంచెం దాచి, గుంటూరులో ఈ అయిదూ కొని, అప్పటి మీటర్‌గేజి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఎండ తగిలితే ప్లేటు వంగిపోతుంది. మా పడమటి ప్రకాశంలో ఎండలెలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. అందుకని చెక్కపెట్టెలో నిలువుగా పెట్టి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూలలో ఉంచేవారు. శనివారం తెల్లవారుజామున మాత్రమే బయటికి తీసేవారు. ఆయన పోయారు. ప్లేయరు కూడా మూలపడి ఆరేళ్లయింది. ఇప్పుడు అమ్మ ఆ పాటలన్నీ ఫోనులోనే వింటోంది.

అమ్మడానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మా చెల్లెలి కూతురు గిద్దలూరు నుంచి ఒంగోలు వెళ్లి నర్సింగు చదువుతోంది. బావగారి కంది చేను ఈసారి చేతికి రాలేదు. హాస్టలుకు 14 వేలు కట్టాలి. ఈ ప్లేట్లకోసం వెతికేవాళ్లున్నారని తెలిసి, అమ్ముదామా అన్నాను.

అమ్మ ఒకటే మాటంది. "నాయనా, పోతన భాగవతాన్ని అమ్ముకోలేదు గదా. మనం స్వామి పాటను తూకానికేస్తామా?"

పోతన కాదన్నది దేన్ని?

అమ్మ మాటను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. మన తెలుగు వాళ్లకు ఇది రక్తంలో ఉన్న మాట. పోతన రాజుకు భాగవతం అంకితమివ్వనన్నాడని చెప్పుకుంటాం. అన్నమయ్య, స్వామిని కీర్తించిన నోటితో రాజును కీర్తించనన్నందుకు సంకెళ్లు వేయించుకున్నాడని చెప్పుకుంటాం. త్యాగయ్య తంజావూరు రాజు కానుకలను వద్దన్నాడని చెప్పుకుంటాం. ముగ్గురి కథలూ ఒకటే చెబుతున్నాయి: భక్తికి వెల కట్టకూడదు.

అయితే వాళ్లు కాదన్నది సరిగ్గా దేన్నో నిదానంగా చూడండి. దేవుడి స్థానంలో మనిషిని కూర్చోబెట్టడాన్ని కాదన్నారు. ధనం ఇస్తాం, మా పేరు పెట్టు అంటే కాదన్నారు. అంతేగాని, భాగవతాన్ని తాటాకు మీద రాసి ఇచ్చిన లేఖకుడు కూలి తీసుకుంటే అది పాపమని ఎవరూ అనలేదు. అన్నమయ్య కీర్తనలను ఆయన తర్వాతి తరంలో రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రాగికి ధర లేకుండా ఉంటుందా? చెక్కినవాడికి కూలి ముట్టకుండా ఉంటుందా?

మార్కాపురం వాళ్లకు ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. మన ఊరి పలక ఎన్ని ఊళ్లకు పోయిందో! నల్లరాయి తవ్వి, పలచగా చీల్చి, చెక్క చట్రం బిగించి అమ్మారు. దాని మీదే పిల్లలు ఓనమాలు దిద్దారు. అక్షరం సరస్వతి అంటాం. పలక కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. మరి పలక అమ్మినవాడు సరస్వతిని అమ్మినట్టా? కాదు గదా. అతను రాయి అమ్మాడు, పనితనం అమ్మాడు. అక్షరం అమ్మకానికి రాలేదు. అది దిద్దినవాడిదే అయింది.

ప్లేటూ అంతే. నల్లటి పలక లాంటిదే, గుండ్రంగా ఉంటుంది. చేతులు మారేది ప్లేటు. పాట మాత్రం విన్నవాళ్ల దగ్గర ఉండిపోతుంది. నలభై ఏళ్లు విన్న మా అమ్మ దగ్గర్నుంచి దాన్ని ఎవరు కొనగలరు?

ఈ ప్లేట్లు పుట్టిందే ఒక అవసరంలో

ఈ సంగతి తెలిశాకే నా మనసు కుదుటపడింది. సుబ్బులక్ష్మి గారు 1963లో పాడిన వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు మనకందరికీ తెలుసు. దాని మీద వచ్చే రాయల్టీని ఆవిడ ఉంచుకోలేదు, దేవస్థానానికే, వేదం చదువుకునే పిల్లల కోసం ఇచ్చేశారు. ఎన్నో కచేరీల డబ్బు అలాగే మంచి పనులకు వెళ్లిపోయింది. తర్వాత ఒక దశలో ఆ దంపతులకే ఇబ్బంది వచ్చింది.

అప్పుడు దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు తన 'నాహం కర్తా హరిః కర్తా' పుస్తకంలో ఆ సంగతులు చెప్పుకొచ్చారు. సాయం చెయ్యాలి. కానీ ఊరికే ఇస్తే వాళ్లు పుచ్చుకునే మనుషులు కారు. ఇచ్చినవాళ్లే గాని చెయ్యి చాచినవాళ్లు కాదు. దానికి దొరికిన దారే ఈ పంచరత్నమాల. ఆవిడ స్వామి కోసం పాడతారు, ప్లేట్లు అమ్ముడవుతాయి, అందులోంచి ఆవిడకు రావలసింది ఆవిడకు వస్తుంది.

చూడండి, ఇక్కడ అమ్మకం భక్తికి అడ్డు రాలేదు. ఒక గొప్ప మనిషి గౌరవాన్ని కాపాడింది. దానం చెయ్యలేని పనిని ధర చేసింది. 1963లో ఇచ్చెయ్యడం ఎంత ధర్మమో, 1980లో తీసుకోవడం అంతే ధర్మం. అవసరం మారింది, మనసు మారలేదు. మా నాన్న గుంటూరులో లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు కూడా ఆ కథలో ఒక చిన్న భాగమే. అలాంటి ప్లేట్లు ఇప్పుడొక ఆడపిల్ల హాస్టలు ఖర్చుకు అక్కరకొస్తుంటే, అవి దారి తప్పాయని నేననుకోను.

దాచిపెట్టడమే పూజా?

"అయినా ఉంచుకోవచ్చుగా, ఇంటికి శుభం" అంటారు కొందరు. న్యాయమైన మాటే. అన్నమయ్య రాగిరేకులను ఏ తరంలోనైనా ఎవరో ఒకరు రాగి ధరకు కరిగించి ఉంటే మనకేం మిగిలేది? తిరుమల గుడిలో సంకీర్తన భాండారం అనే చిన్న రాతి గదిలో అవి భద్రంగా ఉండబట్టే దక్కాయి. దాచినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

కానీ అవి గదిలో ఉన్నంతకాలం ఆ పాటల్లో చాలావాటిని పాడినవాళ్లు లేరు. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు రేకులు చదివి, అచ్చువేయించి, ఆ తర్వాత విద్వాంసులు స్వరాలు కడితేనే పాట మళ్లీ పాటైంది. కాబట్టి దాచడం సగం పని. వినిపించే చోటికి చేర్చడం మిగతా సగం. మా ఇంట్లో ప్లేయరు లేదు. నిలువుగా పెట్టెలో ఉన్న ప్లేటు అట్టకు ఏటేటా మచ్చలు పడుతున్నాయి. అలా ఉంచడాన్ని పూజ అని నాకు నేను చెప్పుకోలేను.

తులాధారుడి త్రాసు

అయితే అమ్మకంలో పాపమే లేదా? ఉంది. ఎక్కడుందో భారతం చెబుతుంది. శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ వస్తుంది. కదలకుండా నిలబడి తపస్సు చేస్తే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టుకుని పిల్లల్ని పెట్టాయి. నన్ను మించిన ధర్మాత్ముడు లేడనుకున్నాడు. కాశీలో తులాధారుడు నీకన్నా గొప్పవాడని ఆకాశవాణి పలికింది. వెళ్లి చూస్తే ఆ తులాధారుడు అంగట్లో కూర్చుని సరుకులమ్ముకునే వర్తకుడు. మద్యం తప్ప రకరకాల రసాలు, సుగంధ ద్రవ్యాలు అమ్ముతాడు. మోసం లేదు. ఆయన త్రాసు అందరికీ ఒకటే. ఆ తపస్వి ఆ వర్తకుడి దగ్గర ధర్మం నేర్చుకున్నాడు.

ఆ త్రాసు పట్టుకుని చూస్తే నాకు మూడు సంగతులు తేలాయి.

మొదటిది, లోపం దాచకూడదు. మా నాలుగో ప్లేటు రెండో వైపున ఒక గీత ఉంది. అక్కడ ముల్లు ఎగిరి వెనక్కి పడి, ఒకే మాటను రెండుసార్లు పాడుతుంది. కొనడానికొచ్చిన ఒక వ్యాపారి, "ఫొటో ఆ గీత కనపడకుండా తీయండి, మనం చెప్పనక్కర్లేదు, 15 వేలు ఇప్పిస్తాను" అన్నాడు. నేను ఆ మాట అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వి, "ఆ పాట నాకట్టాగే వచ్చు నాయనా, ఆ మాట రెండుసార్లంటేగాని పూర్తయినట్టుండదు. కానీ కొనేవాళ్లకు చెప్పాల గదా, వాళ్లు ప్లేయరు పాడైందనుకుంటారు" అంది. అంతవరకూ అమ్మడమే వద్దన్న మనిషి, అమ్మితే ఎలా అమ్మాలో ఆ ఒక్క మాటతో చెప్పేసింది.

రెండోది, జతను విడదీయకూడదు. ఆ వ్యాపారి అయిదింటినీ విడివిడిగా అమ్ముతానన్నాడు. అట్టలు బాగున్నవాటికి ఎక్కువ వస్తుందట. చట్టం తప్పనదు. కానీ అది అయిదు రత్నాల మాల. దారం తెంచి పూసలమ్మడం నాకు మనసొప్పలేదు. ఇది నా మనసు మాట. శాస్త్రం పేరు పెట్టి మీ మీద రుద్దను.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కొనేవాడి భక్తిని తూకం వెయ్యకూడదు. "స్వామివారి సొత్తు, ఇంట్లో ఉంటే కలిసొస్తుంది, రేటు చూడకండి" అన్నామంటే, అప్పుడు నిజంగా స్వామిని అమ్మినట్టే. ప్లేటుకు, అట్టకు, దొరకడం కష్టమైనందుకు ధర అడగవచ్చు. ఎదుటివాడు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడని రెండు వేలు పెంచకూడదు. అమ్మ భయపడిన పాపం ఇదేనని నాకిప్పుడనిపిస్తోంది.

చివరికి ఏం చేశామంటే

కర్నూలులో రిటైరైన ఒక సంగీతం మేష్టారు, ప్లేయరు బాగా పనిచేస్తున్నవారు, గీత సంగతి విని కూడా అయిదూ కలిపి 11 వేలకు తీసుకుంటానన్నారు. ఆయనకే ఇచ్చాం. ఏ ప్లేటు ఏ వైపున ఎక్కడ ఆగుతుందో అమ్మ చెబుతుంటే నేను కాగితం మీద రాసి అట్టలో పెట్టాను. హాస్టలుకు తగ్గిన 3 వేలు నేనూ చెల్లెలూ చెరి సగం వేసుకున్నాం. 15 వేలు వచ్చేదాన్ని 11కి ఇచ్చామని చెల్లెలు కొంచెం నొచ్చుకుంది. ఆ మాటలోనూ న్యాయముంది, డబ్బు కావలసింది తన బిడ్డకే గదా. కానీ నాలుగు వేల కోసం గీత దాచి పంపితే, ఆ పిల్ల చదువులో ఒక అబద్ధం కలిసుండేది. అది ఆ పిల్లకు మంచిది కాదన్నాను. సరేనంది.

ఇప్పుడు ఆ చెక్కపెట్టె ఖాళీగా ఉంది. అమ్మ అటు చూసినప్పుడల్లా కళ్లు తుడుచుకుంటోంది. అంటే మేం తప్పు చేశామనా? కాదనుకుంటున్నాను. బాధ వేరు, పాపం వేరు. ఆడపిల్లను అత్తారింటికి పంపినప్పుడు ఏడవని ఇల్లుంటుందా? ప్రేమగా చూసుకున్నది చెయ్యి దాటితే మనసు నొస్తుంది. ఆ నొప్పికి ప్రాయశ్చిత్తం అక్కర్లేదు, కొంచెం కాలం కావాలి.

మీ ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. ఘంటసాల గారి భగవద్గీత ప్లేటో, తాతగారి తాళపత్రాలో, అమ్మమ్మ పూజ గంటో. ఉంచుకుంటారా, ఇస్తారా, అమ్ముతారా అన్నది మీ అవసరమూ మీ మనసూ తేల్చాలి. ఉంచుకుంటే వాడండి. ఇస్తే విలువ తెలిసినవాళ్లకివ్వండి. అమ్మితే గీత చూపించి అమ్మండి. ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటుంటే, వాళ్ల భయం దేని గురించో ముందు ఓపిగ్గా వినండి. చాలాసార్లు దారి ఆ భయంలోనే ఉంటుంది.

వచ్చే శనివారం వీడియోలో తులాధారుడి కథ పూర్తిగా చెప్పుకుందాం. అందరికీ స్వామి దయ ఉండాలి.

ఓం నమో వేంకటేశాయ. శుభం.