చక్రం తిప్పే చెయ్యి

మనిషికైనా ఊరికైనా మంచి రోజులు వెళ్ళిపోతే దశ తిరిగిందంటాం. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అనుకుని సర్దుకుపోతాం. ఈ భావానికే బొమ్మ కట్టిన ముక్క ఒకటి జోస్యానికి వాడే 78 ముక్కల టారో పేక కట్టలో ఉంది. దాని నంబరు పది, పేరు అదృష్ట చక్రం, దానికి జోడించిన గ్రహం గురుడు. చిలక జోస్యం తెలిసిన మన పట్నాల్లోకి ఇప్పుడు టారో కూడా వచ్చింది కాబట్టి ఈ ముక్కను నిదానంగా చదవడం అవసరం. మార్పు తప్పదని చెప్పినంతవరకు చక్రం నిజమే చెబుతుంది. ఆ మార్పు ఎవరి వల్ల, ఎందుకు వచ్చిందన్న దగ్గర మాత్రం నోరు మెదపదు. ఆ మౌనాన్ని విధి అనుకోవడం పెద్ద పొరపాటని నా వాదన. నెల్లూరు జిల్లా బిట్రగుంట కథ ఈ వాదనకు గట్టి సాక్ష్యం.

ముందు బొమ్మ చూద్దాం. ఈనాడు ఎక్కువమంది చేతుల్లో ఉండే కట్ట 1909లో లండన్‌లో వెలువడింది. రూపకల్పన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. అందులో మబ్బుల మధ్య ఒక నారింజ రంగు చక్రం తేలుతూ ఉంటుంది. ఎడమ అంచున పాము దిగుతుంది, కింద నక్క తల ఉన్న ఆకారం పైకి లేస్తుంది, శిఖరాన స్ఫింక్స్ కత్తి పట్టుకుని కూర్చుంటుంది. చక్రాన్ని తిప్పేవాళ్ళు మాత్రం ఎవరూ కనిపించరు. అంతకు నాలుగున్నర శతాబ్దాల ముందు మిలాన్ ప్రభువుల కోసం చేతితో చిత్రించిన ముక్కలో అలా కాదు. అక్కడ కళ్ళకు గంతలు కట్టుకున్న భాగ్యదేవత చక్రం నడుమ నిలబడి ఉంటుంది. పైన కూర్చున్నవాడికి గాడిద చెవులు మొలిచి ఉంటాయి, అడుగున ఒక ముసలివాడు ఆ బరువంతా మోస్తూ ఉంటాడు. ఆ పాత బొమ్మలో తిప్పే మనిషీ ఉంది, నలిగే మనిషీ ఉన్నాడు. కొత్త బొమ్మలో ఇద్దరూ మాయమై, దానంతటదే తిరిగే చక్రం మిగిలింది.

గురుగ్రహంతో ముడి ఎలా పడింది? ఆకాశాన్ని చూసి ఎవరో వేసిన ముడి కాదది. పదిహేనో శతాబ్దపు ఇటలీలో టారో ఒక పేకాట. 1781లో కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు దీన్ని ప్రాచీన ఈజిప్టు జ్ఞానమన్నాడు. ఈజిప్టు లిపి గుట్టును షాంపోలియోన్ విప్పింది 1822లో, అంటే ఆ మాట అన్న నలభై ఏళ్ళకు. తర్వాత 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సమాజం, కట్టలోని 22 ప్రధాన ముక్కలను 22 హీబ్రూ అక్షరాలతో జత చేసింది. యూదుల పాత సంప్రదాయం ఆ అక్షరాలను మూడు భూతాలకు, ఏడు గ్రహాలకు, పన్నెండు రాశులకు పంచిపెట్టింది. ఆ పంపకంలో కఫ్ అనే అక్షరంతో పాటు గురుడు పదో ముక్క వాటాకు వచ్చాడు. పైగా పాశ్చాత్యులది విషువత్తు నుంచి రాశులను లెక్కించే సాయన గణితం, మన పంచాంగానిది నక్షత్రాలను బట్టి లెక్కించే నిరయనం. రెంటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా. కాబట్టి ఆ ముక్కను ఈ పంచాంగంతో కలిపి గురుబలం లెక్కగట్టడం రెండు వేరువేరు కొలబద్దలతో ఒకే గుడ్డను కొలవడమే.

మనుషులు కల్పించిన జత కదా, పారేస్తే పోలేదా అని అడగవచ్చు. నేను పారేయమనను. గురుడు రాశిచక్రం చుట్టిరావడానికి సుమారు 12 ఏళ్ళు పడుతుంది, మన పుష్కరాల లెక్క దానిమీదే నడుస్తుంది. 2015లో గురుడు సింహరాశిలోకి వచ్చాడని గోదావరికి, మరుసటేడు కన్యలోకి వచ్చాడని కృష్ణకు పుష్కరాలు జరిగాయి. గురుడి అయిదు చుట్లు, శని రెండు చుట్లు కలిసేసరికి ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ళు పూర్తవుతాయి. తెలుగువాడికి గురుడంటే మళ్ళీ వస్తాడని నమ్మదగిన చక్రం. పోయింది తిరిగి రావచ్చు, ఉన్నది పోవచ్చు అని మనసుకు నేర్పడానికి ఇంతకంటే మంచి గుర్తు దొరకదు. గుర్తుగా దాని విలువ అది. చిక్కంతా గుర్తును కారణంగా మార్చినప్పుడే వస్తుంది.

బిట్రగుంటను చూడండి. విజయవాడ, మద్రాసు మార్గంలో ఆవిరి ఇంజన్ల కాలమంతా ఆ ఊరికి పెద్ద లోకో షెడ్డే ప్రాణం. ఆవిరి ఇంజనుకు దారిపొడవునా నీళ్ళు పోయాలి, బొగ్గు నింపాలి, బూడిద తీయాలి, బాయిలరు కడగాలి. దాని ముఖం ఒకవైపే ఉంటుంది గనుక, వెనక్కి పంపాలంటే టర్న్‌టేబుల్ మీదికి ఎక్కించి మొత్తం ఇంజన్నే తిప్పాలి. అన్నిటికీ మనుషులు కావాలి, ఆ మనుషులకు ఇళ్ళు, అంగళ్ళు కావాలి. 1980 నాటికి ఆ మార్గమంతా విద్యుదీకరణ అయింది. కరెంటు ఇంజనుకు రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది, తిప్పే పనే లేదు. నీళ్ళూ బొగ్గూ అక్కర్లేదు. ఊరి వైభవం తగ్గడానికి కారణం ఆ యంత్రాల పనితీరులోనే కనబడుతోంది.

గ్రహం కారణం కాదు, కాలాన్ని సూచిస్తుందంతే అని జ్యోతిషం ఎరిగినవారు అంటారు. గౌరవించదగ్గ మాటే. కానీ అదే మార్గంలో, అదే గురుడి కింద ఉన్న విజయవాడకు కరెంటు ఇంజన్ల షెడ్డు దక్కింది. ఆ తేడాకు జవాబు గోచారంలో వెతికితే దొరకదు, రైల్వే ప్రణాళికల్లో వెతకాలి. ఆవిరి యుగం ముగియడాన్ని ఎవరు ఆపగలరు, విధి అనుకుంటే కొంత ఊరటైనా ఉంటుంది కదా అని ఇంకొకరు అంటారు. ఆ ఊరటను నేను తక్కువ చేయను. ఇంజను మారడాన్ని ఊరు ఆపలేదు, నిజమే. కానీ మారాక ఆ స్థలంతో, ఆ నైపుణ్యంతో ఏం చేయాలన్నది మనుషులు తేల్చే విషయం. విధి అని ఒప్పుకున్న మరుక్షణం ఆ ప్రశ్న అడిగే హక్కును మనమే వదులుకుంటాం.

ఆ ముక్కలోనే దీనికి దారి ఉంది. నాలుగు మూలలా మనిషి, గద్ద, ఎద్దు, సింహం రెక్కలతో కనిపిస్తాయి. అవి కుంభ, వృశ్చిక, వృషభ, సింహ రాశులు. మన జ్యోతిషంలోనూ ఈ నాలుగూ స్థిరరాశులే. తిరిగే చక్రం చుట్టూ అవి నాలుగూ పుస్తకాలు తెరిచి చదువుతున్నాయి. చక్రం కింద ఉన్నవాడికి పనికొచ్చే ఉపదేశం అదే: ఏది తిరిగిందో, ఎవరు తిప్పారో, దేనివల్ల తిరిగిందో చదివి తెలుసుకోవడం. ముక్క తీసి ఏం జరుగుతుందని అడిగేవాడికి జవాబుగా ఒక బొమ్మ దక్కుతుంది. ఎందుకు జరిగిందని అడిగేవాడికి తర్వాతి మలుపులో మాట చెల్లించుకునే అవకాశం దక్కుతుంది.