తెల్లగా విడిచిన చోటు

మా యింటి ముందుగదిలో ఒకే వీథిని చూపు రెండు చిత్రములు ప్రక్కప్రక్కన వ్రేలాడుచున్నవి. ఒకటి మావారు తీసిన ఛాయాచిత్రము. రెండవది నేను నీటిరంగులతో వ్రాసినది. ఆ వీథి గోపాలపూరు సముద్రతీరమున తెలుగు మత్స్యకారులు నివసించు వాడలోనిది. ఛాయాచిత్రములో కరెంటు స్తంభమున్నది, దాని తీగలున్నవి, మూలను ఒక పెంటకుప్ప యున్నది. నా చిత్రములో ఇవేవియు లేవు. వచ్చిన బంధువులు మొదట నా చిత్రమును మెచ్చుకొందురు. పిమ్మట రెండింటిని పోల్చి చూచి, "ఇందులో ఏది నిజమమ్మా?" అని అడుగుదురు. మావారు నవ్వి యూరకుందురు. ఆ నవ్వు నన్ను ఇన్నేండ్లుగా నొప్పించుచునే యున్నది. ఆ ప్రశ్న పైకి కనబడునంత తేలికైనది కాదని నాకు తెలియవచ్చిన వైనమును ఇచట వ్రాయుచున్నాను.

మాది బరంపురము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు గంజాము సీమతో పాటు మద్రాసు రాజధాని నుండి విడివడిన ఊరు. పటము మీద గీత ఎక్కడ గీచినను ఎవరో కొందరు అవతల మిగిలిపోవుదురు. ఆ సంగతి ఈ సంచికను చదువువారికి నేను చెప్పనక్కరలేదు. మావారికి బజారులో చిన్న ఫోటో స్టూడియో. పెండ్లిండ్లు, దరఖాస్తులకు అతికించు చిన్న ఫోటోలు, గతించిన పెద్దలకు దండ వేయు పటములు, ఇవియే మా జీవనాధారము. నాకు చిత్రలేఖనము వృత్తి కాదు. వంట యిల్లు సర్దుకొన్న పిదప మిగిలిన ప్రొద్దులో కూర్చుండి వ్రాసికొను ముచ్చట మాత్రమే. భార్యాభర్తలిద్దరును కుంచె పట్టిన ఇండ్లు తెలుగువారిలో లేకపోలేదు. 1925లో చిన్న వయసుననే కన్నుమూసిన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారి భార్య సత్యవాణిగారును చిత్రకారిణియే. కాని ఒకరు కుంచెయు, ఒకరు కెమెరాయు పట్టిన యింటిలో తగవులు వేరు విధముగా నుండును.

మొదటి తగవు బీరువా గురించి. సముద్రపు గాలి తేమకు లెన్సులకు బూజు పట్టును. అందుచే ఆయన ఒక బీరువాలో చిన్న బల్బు రాత్రింబవళ్ళు వెలుగునట్లు అమర్చి కెమెరాలను అందులో దాచినారు. నా కాగితములకును ఆ తేమయే శత్రువు. కాగితమునకు పట్టించిన జిగురు చెడినచో రంగు మచ్చలు మచ్చలుగా ఇంకిపోవును. కనుక నేనును ఒక అర అడిగినాను. ఆ అర సంపాదించుటకు నాకు రెండు వర్షాకాలములు పట్టినవి. సామానుల గదియే ఆయన చీకటి గది. హైపో వాసన పప్పుల డబ్బాల దాక ప్రాకెడిది. ఒకనాడు ఆయన నేను కుంచెలు కడిగిన గోధుమరంగు నీటిని కాఫీ యనుకొని పెదవుల దాక తెచ్చినారు. అప్పటి నుండి మా యింట రంగునీటికి గాజుసీసా తప్ప లోటా వాడరాదని కట్టడి.

ఆదివారము తెల్లవారుజామున బస్సెక్కి గోపాలపూరు పోయెడివారము. సుమారు పదునైదు కిలోమీటర్ల దూరము. ఆయన వెలుతురు కొరకు గంటసేపు ఎదురుచూచి, క్షణములో నూటయిరువదియైదవ వంతున పని ముగించెడివారు. నేను అదే గంటలో కాగితమును బల్లకు అంటించి, తడిపి, ఆకాశము మాత్రము ముగించెడిదానను. నా చుట్టు పిల్లలు మూగెడివారు. ఆయనను ఎవరును పలుకరించెడివారు కారు. నన్ను మాత్రము మా ఊరేది, మాకెందరు పిల్లలు, ఈ పనికి జీతమెంత యని వాడవారందరును అడిగెడివారు.

నీటిరంగుల పద్ధతిని గూర్చి ఒక మాట చెప్పవలెను. ఇందులో రంగు పారదర్శకముగా నుండును. వెలుగంతయు కాగితము నుండియే రావలెను. నురుగు తెలుపు, చీర అంచు మీది ఎండ, కంటిలోని మెరుపు, వీనిని మనము వేయము. వాని చుట్టు రంగు వేసి ఆ చోటును విడిచిపెట్టుదుము. ఒకసారి రంగు పడినదా, ఆ తెలుపు తిరిగి రాదు. తెల్లరంగు లేకపోలేదు. విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీవారు యశదముతో చేసిన 'చైనీస్ వైట్'ను 1834లోనే అమ్మకమునకు తెచ్చినారు. కాని దానితో పైన పూసిన తెలుపు వేరు, విడిచిన తెలుపు వేరు. పూసినది సున్నమువలె మొద్దుగా నుండును. ఈ భేదమును చేతితో నేర్చుకొన్నాను గాని, మనసుతో నేర్చుకొనుటకు చాలకాలము పట్టినది.

ఛాయాచిత్రకళ పుట్టుకలో ఒక విశేషమున్నది. 1833లో హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను ఆంగ్లేయుడు తన నూతన వధువు కాన్‌స్టెన్స్‌తో ఇటలీలోని కోమో సరస్సునకు పోయినాడు. ఆమె బొమ్మలు వ్రాయనేర్చినది. ఆయనకు యంత్రపు సాయమున్నను చేయి రాలేదు. ఆ విసుగులో, ప్రకృతియే తన బొమ్మను తాను కాగితము మీద వ్రాసికొనినచో ఎంత బాగుండునని తలచినాడు. ఆ తలపు ఫలించి 1844లో 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' అను గ్రంథముగా వెలువడనారంభించినది. బొమ్మ వ్రాయు భార్య ప్రక్కన కూర్చున్న భర్త అసూయ వలన కెమెరా పుట్టినదని నేనన్నచో, మావారు అసూయ కాదు, వినయమందురు.

ఇక అసలు సంగతి. ఆ వాడలో ఎండుచేపలమ్ము ఒక ముసలమ్మ యుండెడిది. అందరును మామ్మ అనెడివారు. ఆమె ఎడమ కంటిలో పువ్వు వేసి యుండెడిది. 1998లో ఒక చలికాలపు ఉదయమున మావారు ఆమెను తట్ట ముందు కూర్చున్నట్లుగా ఫోటో తీసినారు. నేను అంతకు ముందు రెండు ఆదివారములు కూర్చుండి ఆమె చిత్రమును వ్రాసినాను. తరువాతి వారము రెండింటిని తీసికొనిపోయి చూపినాము. నా చిత్రములో ఆమెకు రెండు కన్నులును చక్కగా నున్నవి. లోపమును చూపుట అమర్యాద యని నా తలపు. మామ్మ కాగితమును దూరముగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూచి, "ఓలమ్మ! ఈ రెండో కన్ను ఎవుల్దమ్మా?" అన్నది. కోపము లేదు. వేరొకరి వస్తువు తన యింటికి పొరపాటున వచ్చినచో అడుగునట్లు అడిగినది. పిమ్మట ఛాయాచిత్రమును చేతికి తీసికొని చాలసేపు మాటాడలేదు. తుదకు దానిని తిరగవేసి, "ఇది ఎవులికీ సూపకు బాబూ" అన్నది.

ఆ ఫోటో ఆయన తీసినవానిలో ఉత్తమమైనది. ఒక పోటీకి పంపవలెనని ఆశించినారు. ఇంటికి రాగానే నెగటివును కవరులో పెట్టి, తారీకు వేసి, 'చూపరాదు' అని వ్రాసి బీరువాలో పడవేసినారు. నేను ఊరకుండలేకపోయినాను.

"మీ చిత్రము ఆమెను బాధించినది, నాది బాధించలేదు" అన్నాను.

"నీ చిత్రములో ఆమె లేదు. లేని మనిషికి బాధ యెక్కడిది?" అన్నారాయన.

ఆ మాట నిజమని నాకు వెంటనే తోచినది, కనుకనే కోపము వచ్చినది. నేను కంటిని విడువలేదు. పూసినాను. విడిచినచో, అనగా ముఖమును ప్రక్కకు త్రిప్పి వ్రాసినచో, మౌనమగును. లేని కన్ను పెట్టుట మాట తప్పుట. ఆయన ఫోటోను దాచుటతో మౌనమును పాటించినారు. ఇంతవరకు లెక్క సరిగనే యున్నది. కాని నేను ఓడుటకు ఇష్టపడక స్టూడియో సంగతి తీసినాను. "ప్రతిదినమును మెత్తని పెన్సిలుతో పెండ్లికూతుళ్ళ నెగటివుల మీద మచ్చలు కప్పుచున్నారు గదా, అదియేమి?" అన్నాను.

"అడిగినవారికి చేయుచున్నాను. మామ్మ నిన్ను అడుగలేదు" అన్నారు.

అడిగినవారు సరే. ఆ ఫోటోను పెండ్లిచూపులకు పంపుదురు. చూచువారు అడిగిరా? ఈ ప్రశ్నకు ఆయన ఆనాడు బదులు చెప్పలేదు. కొన్నాళ్ళకు ఒక తండ్రి తన కుమార్తె చెంప మీది కాలిన మచ్చను తీసివేయుమని కోరగా, మావారు మచ్చను ముట్టక, "ఇటు ప్రక్కకు తిరిగి కూర్చో తల్లీ" అన్నారట. ఇంటికి వచ్చి నాతో ఈ సంగతి చెప్పి, "ఇప్పుడు నేను విడిచిపెట్టినాను, పూయలేదు. పెండ్లికొడుకునకు భేదమేమైన నున్నదా?" అని అడిగినారు. లేదు. విడుచుటయు మోసము కావచ్చును. నా సిద్ధాంతము ఒక్క చెంపతో కూలిపోయినది.

మన పెద్దలు ఈ చిక్కును ఎరుగకపోలేదు. కామసూత్రములకు జయమంగళా వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రమునకు ఆరు అంగములు చెప్పినాడు. అందులో లావణ్యయోజనమును, సాదృశ్యమును ప్రక్కప్రక్కనే పెట్టినాడు. అందమును కూర్చవలెనట, పోలికయు నుండవలెనట. రెండింటికి తగవు వచ్చినపుడు ఏది ముందో చెప్పలేదు. ఈ విషయమున నాకు కాళిదాసు శాకుంతలములోని ఆరవ అంకము ఎక్కువ సాయపడినది. ఎదుట నిలిచిన శకుంతలను ఎరుగనన్న దుష్యంతుడు, ఆమె పోయిన పిదప ఆమె చిత్రమును వ్రాసి, ఇంకను వ్రాయవలసినవి యున్నవని బాధపడును. మాలినీ నదిని, ఇసుకతిన్నెల మీది హంసలను, చెవిని పెట్టుకొన్న శిరీషపుష్పమును మరచితినని చెప్పికొనును. మనిషిని విడిచిన వాడు పటములో పువ్వును కూడ విడువలేకున్నాడు. అతడు అక్కడ అందము కొరకు ఆలోచించుట లేదు, బాకీ తీర్చుచున్నాడు. చూచిన దానికి మనము బాకీ పడుదుమని నాకు మొదట తోచినది ఆ అంకమును చదివినపుడే. బాకీ ఎంతయో నిర్ణయించునది మాత్రము వ్రాయువాడు కాదు.

కరెంటు స్తంభము సంగతిలో ఇది నాకు మరల రుజువైనది. స్తంభమును తీసివేయుట వలన ఎవరికిని నష్టము లేదని నేను ధైర్యముగా నుంటిని. ఒకనాడు ఆ వాడ కుర్రవాడొకడు ఏదో పనిమీద మా యింటికి వచ్చి గోడమీది చిత్రమును చూచి, "అమ్మా, మా స్తంభమేదీ?" అన్నాడు. ఆ స్తంభము కొరకు వారు ఎన్ని అర్జీలు పెట్టుకొన్నారో, దీపము వచ్చిన రాత్రి వాడలో ఎట్లు పండుగ జరిగినదో చెప్పినాడు. నాకు వికారముగా కనబడినది వారికి ఆస్తి. పాత పల్లె అందము కొరకు నేను వారిని మరల చీకటిలోనికి త్రోసినాను. ఆ చిత్రమును ఇప్పటికిని గోడనుండి తీయలేదు. అడిగినవారికి స్తంభము కథ చెప్పుచున్నాను. ఇది ప్రాయశ్చిత్తమో, గర్వమో నాకే తెలియదు.

మామ్మ 2011లో కాలము చేసినది. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూరు వద్ద తీరమును దాటినది. ముందుగా జనమును తరలించినందున ప్రాణములు చాలవరకు దక్కినవి. ఇండ్లు, పడవలు, వలలు పోయినవి. మరుసటి నెలలో మామ్మ మనుమడు స్టూడియోకు వచ్చినాడు. ఇంటిలోని కాగితములన్నియు నీటిపాలైనవనియు, మామ్మ బొమ్మ ఒక్కటియు మిగులలేదనియు, బాబుగారు ఒకసారి ఫోటో తీసినారని వాడలో విన్నాననియు చెప్పినాడు. మావారు రెండు దినములు గడువడిగినారు.

ఆ రెండు రాత్రులును మాకు నిద్ర లేదు. ఎవులికీ అన్న మాటలో మనుమడు చేరునా యని నేనన్నాను. చేరడని చెప్పదగిన మనిషి లేదు, మాట మాత్రమున్నదని ఆయన అన్నారు. బ్రతికియున్న వాని దుఃఖము పెద్దదా, పోయినదాని మాట పెద్దదా? పోయినవారు మాటను వెనుకకు తీసికొనలేరు, కనుక మనమే వారి పక్షమున కొంత మెత్తబడవలెనని నేను వాదించినాను. అట్లు మెత్తబడువారికి ఎప్పుడును తమకు కావలసిన సమాధానమే దొరకునని ఆయన అన్నారు. మూడవ దినమున కవరు విప్పి ఒక్క ప్రతి తీసినారు. అది సరియైన పనియని నేను ఈనాటికిని ప్రమాణము చేయలేను.

మనుమడు ఫోటోను చూచి కన్నీరు పెట్టుకొన్నాడు. కొంతసేపటికి తుడుచుకొని, స్టూడియోకు వచ్చు అందరివలెనే, "ఈ కన్ను బాగుసేసియ్యండి బాబూ, గోడకెట్టుకుంటాం" అన్నాడు. అప్పటికి పెన్సిలు పని పోయి కంప్యూటరు వచ్చినది. ఐదు నిమిషముల పని. అడిగినవారికి చేయుదునన్న మావారు నా వైపు చూచినారు. మామ్మ ఆనాడు నన్ను అడిగిన ప్రశ్నను ఆ పిల్లవానికి నేనే చెప్పినాను. వాడు నవ్వబోయి ఆగినాడు. "మామ్మ అలాగే అంటాది" అని ఫోటోను చొక్కాలోపల పెట్టుకొన్నాడు. మావారు నెగటివును కూడ వానికే ఇచ్చివేసినారు.

ఆ రాత్రి నేను నా పాత చిత్రమును బయటికి తీసి, తడి కుంచెతో ఆ రెండవ కంటిని మెల్లగా కడిగి, గుడ్డతో అద్దినాను. నలుపు పోయినది. అందులో కలిపిన ప్రష్యన్ నీలము కాగితములోనికి ఇంకిపోవు జాతి, ఎన్నిసార్లు అద్దినను ఆ చోట లేత నీలిమచ్చగా నిలిచిపోయినది. మావారు వెనుకనుండి చూచి, ఏమియు ననక, కాగితము ఆరిన పిదప దానిని తీసికొనిపోయి లెన్సుల అరలో పెట్టినారు.