అర్చకత్వం: ఆస్తియా, కొలువా?

పదవి ఆస్తి కాగలదా? కాగలదనే ఇంగ్లండు చర్చి చట్టం శతాబ్దాల పాటు చెప్పింది. పారిష్ పాదిరి కేవలం ప్రార్థన చేయించేవాడు కాడు. చర్చి మాన్యం అతని అనుభవంలో వుండేది. రైతు పంటలో దశమభాగం అతనికో, ఆ హక్కును చేజిక్కించుకొన్న భూస్వామికో చెందేది. పాదిరిని ప్రతిపాదించే హక్కు తరచు భూస్వామిదే. దాన్ని కొనవచ్చు, అమ్మవచ్చు. 1753 చట్టం తర్వాత, యూదులకూ క్వేకర్లకూ తప్ప, ఆంగ్లికన్ చర్చి పద్ధతిన జరగని పెళ్లి పెళ్లే కాదు. 1836లో గాని పౌర వివాహానికి దారి ఏర్పడలేదు. దైవసేవ పేరిట నడిచింది భూస్వామ్య సంబంధమే.

మన అర్చకుని సంగతేమిటి? ఇక్కడ పదవి తండ్రి నుండి కొడుక్కు వచ్చింది. దాని వెంట ఇనాం భూమి, రాబడిలో వాటా వచ్చాయి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం ఈ వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. పూజ మతానికి సంబంధించినదైనా పూజారి నియామకం లౌకిక వ్యవహారమేనంటూ 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. 2007 సవరణ, అర్హత షరతుతో, అర్చక కుటుంబాలకు మళ్లీ చోటిచ్చింది.

పేద అర్చకుని పక్షాన ఒక వాదం వున్నది. దాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. దీపారాధనకే చాలని రాబడితో బతికేవాణ్ణి భూస్వామి అనలేము. హక్కు తీసివేసి జీతం ఇవ్వకపోతే సంస్కరణ భారం బలహీనుని మీద పడుతుంది. కాని అతనికి కావలసింది భృతి. భృతి ఇవ్వడానికి జన్మహక్కును ఒప్పుకోనక్కరలేదు. ఈ రెంటినీ ముడివేయడంలోనే మోసం వున్నదంటాను నేను.

మహబూబ్‌నగర్ జిల్లా కురుమూర్తి జాతరను చూడండి. కార్తీకంలో స్వామి ఉద్దాలు వడ్డెమాన్ నుండి ఊరేగింపుగా వస్తాయి. వాటిని తయారుచేసేది దళితులు. వారి పనీ తరతరాలదే. ఆ పాదరక్షల ముందు అన్ని కులాలూ తలవంచుతాయి. వాటిని కుట్టిన చేతులకు ఏడాది పొడవునా ఆ గౌరవం దక్కుతుందా? ఒక పరంపరను హక్కంటాం, మరొకదాన్ని ఆచారమంటాం. తేడా పనిలో లేదు, కులంలో వున్నది.

అర్హుడైన బ్రాహ్మణేతరుడు పూజారి కావచ్చునని కేరళ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట నిజం కావాలంటే అర్చక శిక్షణ అందరికీ అందాలి, చిన్న గుడి పూజారికీ జీతం రావాలి. అంతవరకూ రద్దయిన జన్మహక్కు ఆచారం పేరిట బతికే వుంటుంది.